హాలిబట్ కోసం హోమర్ దాకా

తిరుపతి చేపల మార్కెట్లో ఎంత తిరిగినా హాలిబట్ దొరకదు, వంజరం ఉంటాది, పార ఉంటాది, బొచ్చె, శీలావతి సరేసరి, కానీ ఇది మన సముద్రం చేప కాదు. ఉత్తర పసిఫిక్‌లో చల్లటి నీళ్ళలో, అడుగున ఇసక మీద పడుకొని బతికే బల్లపరుపు చేప. 8 అడుగుల పొడుగు, 500 పౌండ్ల బరువు దాకా పెరుగుతాది, అంటే 225 కిలోల పైమాటే. 1996లో అలాస్కాలో ఉనలాస్కా దగ్గర గాలానికి 459 పౌండ్ల చేప పడింది, ఆ రాష్ట్రంలో గాలం వేటకి రికార్డు అదే. నేను చిన్నప్పట్నించి పిచ్చాటూరు అరణియార్ డ్యాం కట్ట మీద బెండు కట్టిన గాలం వేసుకొని పెరిగినవాణ్ణి, సియాటిల్లో ఉండే మా బావకి చేపల వేటంటే ప్రాణం, ఇద్దరం ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా ఈ చేప దగ్గరికే వచ్చి ఆగేది. ఈసారి కుదిరింది. బావ, నేను, మా మేనకోడలు, బావ ఆఫీసులో పనిచేసే పుత్తూరు అన్న ఒకాయన, నలుగురం అలాస్కాలో హోమర్ అనే ఊరికి పోయినాం. ఆ ఊరివాళ్ళు దాన్ని ప్రపంచ హాలిబట్ రాజధాని అని చెప్పుకుంటారు.

శనివారం

దీని గురించి చెప్పేదానికి పెద్దగా ఏమీ లేదు. పుత్తూరు, నగరి మీదగా చెన్నై ఎయిర్‌పోర్టు, ఆడ్నించి విమానాలు మారి సియాటిల్. జూన్ నెల, తిరుపతిలో రాత్రి పూట కూడా గోడలు వేడిగా ఉంటే, ఆడ మా అక్క స్వెట్టరు చేతిలో పెట్టుకొని ఎయిర్‌పోర్టు బయట నిలబడి ఉండాది. ఇంటికి పోయి చారన్నం తిని పడుకున్నాం. అక్క మాత్రం మాతో రానంది, పడవ పడదు ఆమెకి, కానీ పులిహోర, పెరుగన్నానికి నిమ్మకాయ ఊరగాయ, వాంతులు రాకుండా అల్లం మురబ్బా అన్నీ కట్టి పెట్టింది.

ఆదివారం

సియాటిల్ నుంచి యాంకరేజ్ మూడున్నర గంటల విమానం, ఆడ కారు అద్దెకి తీసుకొని హోమర్‌కి 220 మైళ్ళు, అంటే 350 కిలోమీటర్ల పైన. ఐదు గంటల్లో పోవచ్చు అంటారు గానీ ఆ దారిలో ఎవురైనా ఐదు గంటల్లో ఎట్ల పోతారో నాకు తెలీదు, ప్రతి మలుపులో ఆపబుద్ధి అవుతాది. మొదట టర్నగైన్ ఆర్మ్ అని సముద్రం పాయ, రోడ్డు పక్కనే. మేము పోయేటప్పుడు నీళ్ళు వెనక్కి పోయి మైళ్ళకొద్దీ బురద బయటపడి ఉండాది. ఆ బురద మీదికి దిగొద్దని బోర్డులు, కాళ్ళు దిగబడితే బయటికి రాలేరు, పోటు వస్తే అంతే. కుక్ ఇన్లెట్ అనే ఈ సముద్ర భాగంలో పోటు పాటుల తేడా ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, హాలిబట్ వేట మొత్తం దీని మీదే నడుస్తాది.

కూపర్ ల్యాండింగ్ కాడ కీనాయ్ నది నీళ్ళ రంగు చూసి పుత్తూరన్న కారు దిగి శానాసేపు మాట్లాడలా. పచ్చా కాదు నీలం కాదు, హిమానీనదాలు కొండరాళ్ళని అరగదీసిన పొడి నీళ్ళలో కలిసి ఆ రంగు వస్తాది. సాల్మన్ కోసం జనం నడుములోతు నీళ్ళలో నిలబడి ఉండారు. నినిల్చిక్ దాటినాక కుడిచేతి పక్క సముద్రం, దాని అవతల రిడౌట్, ఇలియామ్నా అని మంచు కప్పుకున్న అగ్నిపర్వతాలు. రిడౌట్ 2009లో పేలింది.

హోమర్ ముందర రోడ్డు ఒక గుట్ట ఎక్కుతాది, ఆ గుట్ట మీద్నించి కిందికి చూస్తే కచెమాక్ బే అనే అఖాతం, అవతల ఒడ్డున మంచు కొండలు, మధ్యలో నీళ్ళలోకి ఏడు కిలోమీటర్ల పొడుగునా సన్నంగా పొడుచుకొని పోయిన గులకరాళ్ళ దిబ్బ. దాన్ని హోమర్ స్పిట్ అంటారు. పడవలు, చార్టర్ ఆఫీసులు, చేపలు కోసే బల్లలు అన్నీ ఆ దిబ్బ మీదే. 1964 మార్చి 27న 9.2 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఈ దిబ్బ కొన్ని అడుగులు కిందికి కుంగిపోయింది, తర్వాత మళ్ళీ ఎత్తు చేసుకున్నారు. రాత్రి పదకొండుకి కూడా వెలుతురు. మా మేనకోడలు "మామా, ఇంగ సూర్యుడు ఎప్పుడు పోతాడు?" అని అడుగుతా అడుగుతా కారులోనే నిద్రపోయింది.

సోమవారం

పొద్దున్నే ఆరింటికి చార్టర్ ఆఫీసు కాడికి పోయినాం. చార్టర్ అంటే కెప్టెన్, పడవ, రాడ్లు, ఎర అన్నీ వాళ్ళవే, మనం లైసెన్సు తీసుకొని పోతే చాలు. బయటి రాష్ట్రంవాళ్ళకి ఒకరోజు ఫిషింగ్ లైసెన్సు 15 డాలర్లు, మూడు రోజులకి 30, ఫోన్లోనే తీసుకోవచ్చు. మా మేనకోడలికి పదహారు నిండలేదు కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. పడవలో ఆరుగురికి చోటు, మేము నలుగురం, టెక్సాస్ నుంచి వచ్చిన ముసలాయన, ఆయన భార్య. కెప్టెన్‌కి అరవై ఉంటాయి, తక్కువ మాటల మనిషి. సాయంగా డెక్ హ్యాండ్ ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, ఎర గుచ్చడం కాడ్నించి చేప కోయడం దాకా పని మొత్తం ఆ అమ్మాయి చేతుల మీదే జరిగింది, మూడు పౌండ్ల సీసం గుండు పట్టుకొని ఊగే పడవ మీద అటూఇటూ నడిచే తీరు చూసి నేను నిజంగా దణ్ణం పెట్టుకున్నా.

ఒడ్డు దాటంగానే సీ ఆటర్లు, అంటే సముద్రపు నీటికుక్కలు, వెల్లకిలా తేలుతా కనపడినాయి, వాటి పొట్ట మీద పిల్లలు. తర్వాత నారింజ రంగు ముక్కుల పఫిన్ పిట్టలు. రెండు గంటలు పోయినాం, బే దాటి కుక్ ఇన్లెట్ ముఖద్వారం వైపు. నీళ్ళు పది డిగ్రీలు ఉంటాయంట, పడితే చేతులు కాళ్ళు కాసేపట్లో పనిచెయ్యవు అని కెప్టెన్ మొదటే చెప్పి లైఫ్ జాకెట్లు యాడ ఉండాయో ఒక్కొక్కరికీ చూపించినాడు.

ఇప్పుడు అసలు సంగతి. హాలిబట్ అడుగున ఉంటాది, అక్కడ రెండు వందల అడుగుల లోతు. పోటు జోరుగా వచ్చేటప్పుడో, పాటు జోరుగా పోయేటప్పుడో గాలం వేస్తే ప్రవాహం ఆ సీసం గుండుని కూడా ఎత్తుకొని పోతాది, అడుక్కి తగలదు. పోటు ఆగి పాటు మొదలయ్యే మధ్యన కాసేపు నీళ్ళు నిలబడతాయి, దాన్ని స్లాక్ అంటారు, ఆ ముందూ వెనకా ఉండే కొద్ది టైములోనే వేట. కెప్టెన్ ఆ టైము లెక్కేసుకొని, అడుగున గుట్ట వాలు యాడ ఉండాదో స్క్రీన్ మీద చూసుకొని లంగరు దించినాడు. లంగరు వేసి ఒకే చోట ఆగేది ఎందుకంటే ఎర వాసన ప్రవాహంతో కిందికి పోతాది, ఆ వాసన పట్టుకొని చేప మన దగ్గరికి వస్తాది. ఎర హెర్రింగ్ అనే చిన్న చేప, దాంతోబాటు ఆక్టోపస్ ముక్క, ఒక రాడ్‌కి సాల్మన్ తలకాయ.

గాలం గుండ్రంగా లోపలికి వంగి ఉంటాది, సర్కిల్ హుక్. దీనికి మన చెరువు అలవాటు పనికిరాదు. బెండు మునగంగానే గుంజుతామే, అట్ల గుంజకూడదని కెప్టెన్ ముందే చెప్పినాడు. చేప లాగతాది, లాగనీ, మళ్ళీ లాగతాది, లాగనీ, రాడ్ పూర్తిగా వంగినాక నిదానంగా రీలు తిప్పు, గాలం దానంతట అదే మూతి అంచున దిగతాది అన్నాడు. మింగి కడుపులో గుచ్చుకోదు కాబట్టి చిన్న చేపని వదిలేయాలన్నా బతికే వదలొచ్చు.

మొదట నాకు డాగ్‌ఫిష్ అనే చిన్న సొర వచ్చింది, వదిలేసినాం. బావకి కాడ్ అనే చేప పడింది. తర్వాత పుత్తూరన్న రాడ్ టకటకమని కొట్టుకుంది, ఆయన కెప్టెన్ చెప్పినట్టే ఆగి ఆగి తిప్పినాడు, పైకి రాంగానే తెల్లటి పొట్ట నీళ్ళలో మెరిసింది. హాలిబట్! పై పక్క బురద రంగు మచ్చలు, కింద పక్క పాల తెలుపు, రెండు కళ్ళూ పై పక్కే. పదిహేను పౌండ్లు ఉంటాది. డెక్ మీద పడేసరికి అది కొట్టుకున్న తీరు చూసి మేమంతా వెనక్కి జరిగినాం, పెద్దవి ఇట్ల కొట్టుకొని మనుషుల కాళ్ళు విరగ్గొట్టిన సందర్భాలు ఉండాయంట, అందుకే బాగా పెద్దదైతే పడవలోకి ఎత్తకముందే నీళ్ళలోనే చంపుతారు.

చార్టర్ పడవల్లో మనిషికి రోజుకి రెండు హాలిబట్లు. ఒకటి ఎంత పెద్దదైనా పర్లేదు, రెండోది మాత్రం పైన ఒక కొలత ఉంటాది, దాని కంటే పొడుగైతే వదిలేయాలి. ఆ కొలత ఏటా మారతాది. అమ్మాయి ప్రతి చేపనీ బద్ద మీద పెట్టి ముక్కు కాడ్నించి తోక దాకా కొలిచింది, అర అంగుళం ఎక్కువున్న బావ చేప ఒకటి నీళ్ళలోకి పోయింది, ఎవురూ ఒక మాట అనలా. ఎవురి లైసెన్సు మీద ఏం పట్టినారో కెప్టెన్ ఆ రోజే లాగ్‌బుక్కులో రాసినాడు. స్లాక్ అయిపోయి ప్రవాహం మళ్ళీ అందుకోంగానే రాడ్లు ఎత్తేయమన్నాడు, ఇంకో పది నిమిషాలు అని బావ అడిగినా ఒప్పుకోలా.

మంగళవారం

పొద్దున ఐదుకే కెప్టెన్ మెసేజ్, ఈరోజు పోవడం లేదు, డబ్బులు వాపస్ ఇస్తా అని. కిటికీలోంచి చూస్తే బే మామూలుగానే కనపడతా ఉండాది, బావకి మనసొప్పలా. స్పిట్ చివరికి పోయి నిలబడితే అప్పుడు అర్థమైంది, గాలి ఒక పక్కనించి, ప్రవాహం ఎదురు పక్కనించి, రెండూ గుద్దుకున్న చోట అలలు పొట్టిగా నిటారుగా లేస్తా ఉండాయి. బే లోపల ఇట్ల ఉంటే బయట ఇన్లెట్లో ఎట్ల ఉంటాదో. సముద్రంలో పోయినవాళ్ళ గుర్తుగా స్పిట్ మీద ఒక మండపం కట్టినారు, దాంట్లో గంట, చుట్టూ పేర్లు. ఆ పేర్లు చదివినాక బావ ఇంగ గాలి గురించి ఎత్తలేదు. నా మటుక్కు నాకు చార్టర్ ఎంచుకునేటప్పుడు ఎంత పెద్ద చేపలు పట్టిస్తాడు అనేదాని కన్నా పోనని చెప్పగలడా లేదా అనేదే చూడాలనిపిస్తాది.

బుధవారం

బుధవారం చార్టర్ పడవలు హాలిబట్ పట్టకూడదు, అది రూలు. కొన్నేళ్ళు కొన్ని మంగళవారాలు కూడా కలుపుతారు. సొంత పడవ ఉన్నవాళ్ళు పట్టుకోవచ్చు, గైడ్‌తో పోయేవాళ్ళకే ఈ సెలవు. ఎందుకిట్ల అని అడిగితే కెప్టెన్, ఆ పూట ఖాళీగా ఉన్నాడు కాబట్టి, పడవ తుడుచుకుంటా మాకు వివరంగా చెప్పినాడు. ఇంటర్నేషనల్ పసిఫిక్ హాలిబట్ కమిషన్ అని 1923లో అమెరికా, కెనడా ఒప్పందంతో పెట్టినారు. అప్పటికే వ్యాపారం పడవలు విపరీతంగా పట్టేసి చేప తగ్గిపోతా ఉండాదని పడవలవాళ్ళే మొత్తుకుంటే, మొదట చలికాలం మూడు నెలలు వేట ఆపినారు. ఇప్పటికీ ఏటా జనవరిలో కమిషన్ కూర్చొని ఏ ప్రాంతంలో ఎన్ని పౌండ్లు పట్టొచ్చో తేలుస్తాది, దాంట్లో చార్టర్లకి వచ్చే వాటా దాటకుండా ఉండేదానికే ఈ కొలతలూ బుధవారాలూ.

నేను మా వైపు సంగతి చెప్పినా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట వైపు పులికాట్ మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకూడదు, చేప గుడ్లు పెట్టే కాలం అని. కెప్టెన్ చేతిలో బ్రష్ కింద పెట్టి, ఆ రెండు నెలలు వాళ్ళకి తిండెట్ల అని అడిగినాడు. ప్రభుత్వం భృతి ఇస్తాది అని చెప్పినా. అందరికీ అందుతాదా అన్నాడు. ఆ ప్రశ్న ఒక చేపలు పట్టే మనిషి మాత్రమే అడుగుతాడు, నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

మధ్యాహ్నం అక్కడి సముద్రం, దీవుల జీవుల గురించి చూపించే ఐలాండ్స్ అండ్ ఓషన్ సెంటర్‌కి పోయినాం, టికెట్ లేదు, పిల్లలున్నవాళ్ళు తప్పకుండా పోవాల్సిన చోటు. సాయంత్రం మన డెక్ హ్యాండ్ అమ్మాయి స్పిట్ మీద ఎదురుపడి, మేనకోడలు హాలిబట్ కళ్ళ సంగతి అడిగితే కూర్చొని చెప్పింది. హాలిబట్ పిల్ల పుట్టినప్పుడు అన్ని చేపల్లాగానే నిలువుగా ఈదతాది, అటొక కన్ను ఇటొక కన్ను. సుమారు ఆరు నెలలకి ఎడమ కన్ను తల మీదగా జరిగి కుడి పక్కకి వస్తాది, ఎడమ పక్క రంగు పోయి తెల్లగా అవుతాది, అప్పుడు అడుగుకి దిగి పడుకుంటాది. వయసు తెలుసుకునేది చెవిలో ఉండే రాయిని కోసి దాని మీద వలయాలు లెక్కపెట్టి, 55 ఏళ్ళ చేప కూడా దొరికిందంట. పెద్దవన్నీ దాదాపు ఆడవే. 50 పౌండ్ల ఆడచేప ఐదు లక్షల గుడ్లు పెడితే, 250 పౌండ్లది నలభై లక్షలు పెట్టగలదు. మా మేనకోడలు ఇదంతా ఫోన్లో టైప్ చేసుకుంది.

గురువారం

సముద్రం పలక మీద నూనె పోసినంత నున్నగా ఉండాది. ఈసారి ఇంకా దూరం పోయినాం, దారిలో హంప్‌బ్యాక్ తిమింగలం ఒకటి తోకెత్తి మునిగింది, కెప్టెన్ ఇంజన్ ఆపి అందర్నీ చూడనిచ్చినాడు. ఆ రోజు పోటు కూడా చిన్నది, స్లాక్ ఎక్కువసేపు నిలబడింది. నాకు ముప్పై పౌండ్ల చేప పడింది, నలభై అంగుళాలు, దాన్ని పైకి తెచ్చేసరికి భుజాలు పట్టుకుపోయినాయి. పుత్తూరన్నకి ఎర్రగా మెరిసే రాక్‌ఫిష్ వచ్చింది, లోతునించి లాగంగానే దాని లోపలి గాలి తిత్తి ఉబ్బిపోయింది. అట్లాటిదాన్ని వదలాలంటే ఊరికే పైన పారేస్తే తేలిపోయి చస్తాది, బరువు కట్టిన క్లిప్పుకి తగిలించి మళ్ళీ లోతుకి దించి వదలాలి, ఆ సామాను ప్రతి పడవలో ఉండి తీరాలని అక్కడ చట్టం. హాలిబట్‌కి ఆ తిత్తి లేదు, అందుకే అంత లోతునించి తెచ్చినా వదిలితే చక్కగా పోతాది.

తర్వాత మా మేనకోడలి రాడ్. టకటక లేదు, ఏమీ లేదు, నిదానంగా వంగి, వంగి, కొన నీళ్ళలో మునిగింది. పిల్ల రాడ్‌ని రైలింగ్ మీద ఆనించి పట్టుకుంది, కెప్టెన్ పక్కన నిలబడినాడు గానీ చెయ్యి వెయ్యలా. పది చుట్లు పైకి, అది ఒక్కసారి తల విదిలించి ఇరవై చుట్లు కిందికి. "మామా, నా వల్ల కాదు" అనింది, "ఆగి ఊపిరి తీసుకో నాయనా, తొందరేం లేదు" అన్నా. బావ అయితే మాట కూడా రాక నిలబడి ఉండాడు. అరగంట దాటింది. పైకి వచ్చినాక చూస్తే పడవ పక్కన నీళ్ళలో పచ్చగా, మా పిల్లకంటే పొడుగు. నూరు పౌండ్లు దాటతాది అన్నాడు కెప్టెన్.

ఉంచుకోవచ్చు, రూలు ప్రకారం ఆ పిల్ల పెద్ద చేప అదే. బావ ఉంచుకుందాం అన్నాడు, న్యాయమే, ఇన్నేళ్ళ ఆశ. కెప్టెన్ మీ ఇష్టం అన్నాడు, అంతే, ఇంకేం చెప్పలా. మేనకోడలు నీళ్ళలోకి చూస్తా, "నాన్నా, అది ఆడది. గుడ్లు పెట్టాల గదా" అనింది. బావ కాసేపు చేపని చూసినాడు, పిల్లని చూసినాడు, సరే వదిలేయండి అన్నాడు. డెక్ హ్యాండ్ అమ్మాయి వంగి గాలం తిప్పి తీసింది, చేప ఒక్క క్షణం అట్లే ఉండి అడుగుకి దిగిపోయింది. మిగతావాళ్ళం తిండికి సరిపోయినన్ని పట్టినాం. నేనైతే ఆ పడవ మీద చేసిన పనుల్లో ఇదే సరైన పని అని ఎవురితోనైనా చెప్తా.

శుక్రవారం, శనివారం

చేపల్ని ఒడ్డునే కోసిచ్చినారు, పైన రెండు కింద రెండు ముక్కలు, బుగ్గలు వేరుగా. ముల్లు దాదాపు ఉండదు, చేప బరువులో సగం మాంసం వస్తాది. గాలి తీసి ప్యాక్ చేసి గడ్డకట్టించి అట్టపెట్టెలో పెట్టిచ్చినారు, విమానంలో లగేజీగానే వేసినాం.

సియాటిల్లో అక్క చిత్తూరు పద్ధతిలో పులుసు పెట్టింది. హాలిబట్‌లో కొవ్వు తక్కువ, ఎక్కువసేపు ఉడికితే పీచు పీచుగా విడిపోతాది, అందుకని చింతపండు, టమోటా, వెల్లుల్లి, ధనియాల పొడి, మామిడికాయ ముక్కలు వేసి పులుసు బాగా మరిగినాక, పొయ్యి సన్నం చేసి చివర్లో ముక్కలు వేసి ఐదారు నిమిషాలకే దించేసింది. బుగ్గల్ని మిరియాలు ఉప్పు రాసి పెనం మీద వేయించింది, అవి పీతమాంసం రుచి. రాగి సంగటి, పులుసు. పుత్తూరన్న భార్యాపిల్లల్తో వచ్చినాడు, గిన్నె మిగల్లేదు.

తిరుపతి వచ్చినాక

తెలిసినవాళ్ళు కనపడినప్పుడల్లా అడిగేవి ఇవే, కాబట్టి చెప్తా ఉండా. రోజు చార్టర్ మనిషికి 400 డాలర్ల చుట్టూ ఉంటాది, డెక్ హ్యాండ్‌కి టిప్ వేరుగా ఇయ్యండి, ఆ కష్టానికి ఇయ్యాల. వాంతుల మాత్ర పడవ ఎక్కినాక కాదు, ముందు రోజు రాత్రి ఒకటి పొద్దున ఒకటి, డాక్టర్ని అడిగి వేసుకోండి. నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, ఉన్ని వేసుకొని పైన వాన కోటు. మే నుంచి సెప్టెంబర్ దాకా సీజన్. బుధవారం తగలకుండా, గాలికి ఒక రోజు పోయినా ఇంకో రోజు మిగిలేటట్టు బుక్ చేసుకోండి. ఇంగొకటి, ఇది అక్కడ కెప్టెన్ చెప్పిందాన్ని నేను మన పంచాంగంతో సరిపోల్చుకున్నా: అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు పెద్దది, స్లాక్ చిటికెలో పోతాది. అష్టమి నుంచి దశమి దాకా పోటు చిన్నది, గాలం అడుగున ఎక్కువసేపు నిలబడతాది. టికెట్లు తీసేముందు క్యాలెండర్లో తిథి చూసుకొని తీయండి.